ఎరువు వేయని చాళ్ళు

రెండు పళ్ళు దొరికాయి. విరిగిన కళ్ళజోడు దొరికింది. మనిషి మాత్రం దొరకలేదు.

ప్రత్తిపాడు దాటి పడమరగా పోతే రావిమెట్ట. పేరుకు తగ్గట్టు మెట్ట ఊరు. వాన పడితే పంట, లేకపోతే మంట. 1987 జూలైలో ఒక బుధవారం పొద్దున్నే కలుపుకు పోతున్న కూలీలు బండ్ల బాటలో పడి ఉన్న మోపెడ్‌ను చూశారు. సీటు మీద నెత్తురు. పక్కనున్న తుమ్మమొద్దుకు వెంట్రుకలతో సహా తోలుముక్క అంటుకుని ఉంది. దాని నిండా ఈగలు. కూలీలు కలుపు సంగతి మరిచిపోయి ఊళ్ళోకి పరుగెత్తారు.

మోపెడ్ గురునాథానిది. అతను ఆ ఊరివాడే. వ్యవసాయ పరిశోధన కేంద్రంలో అసిస్టెంటు. వానాధారం జొన్నకు ఏ ఎరువు ఎంత పనిచేస్తుందో తేల్చడానికి సొంత ఊళ్ళోనే రెండెకరాల్లో ప్రయోగం పెట్టాడు. మంగళవారం సాయంత్రం చేనికని బయల్దేరాడు. తిరిగి ఇంటికి రాలేదు.

ఎస్సై చలపతి గంటలో కేసు తేల్చేశాడు. ప్రయోగం చేను దున్ని విత్తిన బుడాన్ పాకలో విత్తనాలు వేసే గొర్రు దొరికింది. దాని ఇనప కర్రుకు నెత్తురు అట్టకట్టి ఉంది. పైగా బుడాన్‌కూ గురునాథానికీ వారం కిందటే గొడవ. బుడాన్ ఎద్దు ఆ చేలో పడి, యూరియా వేసిన లేత జొన్న మేసి, కాళ్ళు కొట్టుకుని చచ్చింది. బెట్టకు వాడిన లేత జొన్నలో విషం పుడుతుంది. దాన్ని నాము అంటారు. కడుపు మండి బుడాన్ ఊరందరి ముందూ గురునాథం మీద అరిచాడు, "నా ఎద్దు చచ్చినట్టే నువ్వూ చస్తావురా" అని.

నోరా, వీపుకు తేకే అన్నారు. ఆ ఒక్క మాటకు ఊరు ఊరంతా బుడాన్ ఇంటిమీద పడింది. కప్పు తగలబెట్టింది. అడ్డం వచ్చిన అతని భార్య జానీబీ నుదురు రాయి తగిలి చీలిపోయింది.

శవం కోసం బావులు తోడారు. వాగు గాలించారు. ఏమీ దొరకలేదు. నెల గడిచాక ఎస్పీ ఆ ఫైలు తీసి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ త్యాగరాజు బల్లమీద పడేశాడు.

"బాపట్లలో వ్యవసాయం చదివావు కదయ్యా. ఆ చదువును ఇప్పటికైనా పనిలో పెట్టు. సోమవారం చార్జిషీటు వెయ్యాలి," అన్నాడు.

త్యాగరాజు పూజారిగారి కొడుకు. గుళ్ళో గంట కొట్టడం ఇష్టంలేక వ్యవసాయం చదివాడు. ఆ ఉద్యోగం రాక పోలీసుల్లో తేలాడు. మనిషికి కోపం జాస్తి. కాకపోతే దాన్ని అరుపుల్లో ఖర్చుపెట్టడు, దాచుకుంటాడు.

*

గుంటూరు పెద్దాసుపత్రి, ఖైదీల వార్డు. బుడాన్ అరికాళ్ళు ఇంకా మానలేదు. కుడిచేతికి మణికట్టు దాకా కట్టు. రెండు వేళ్ళు కుళ్ళిపోతే డాక్టర్లు తీసేశారు.

"నిన్ను ఎప్పుడు పట్టుకున్నారు?" త్యాగరాజు అడిగాడు.

"బుధవారం పొద్దున సార్. ఇంట్లోనే."

"శనివారం నల్లపాడు స్టేషన్లో రైలెక్కి పారిపోతుంటే పట్టుకున్నామని రాశారే."

"నేను పుట్టి బుద్ధెరిగి రైలెక్కలేదు సార్."

"వేళ్ళకేమైంది?"

బుడాన్ కట్టు వైపు చూసుకున్నాడు. ఎవరిదో చెయ్యి అన్నట్టు చూశాడు.

"గురువారం మధ్యాహ్నం దాకా లాఠీలతోనే కొట్టారు సార్. నా అరుపులకు రోడ్డు మీద జనం ఆగుతున్నారని మధ్యలో ఆపారు. ఇంతలోకే వాన అందుకుంది. స్టేషను రేకుల మీద ఒకటే మోత. ఇంక ఎవరికీ వినపడదులే అని ఎస్సైగారు నా వేళ్ళు బల్లకోడు కింద పెట్టించి, బల్ల మీద ఎక్కి కూర్చున్నారు. వాన తగ్గిందాకా దిగలేదు."

త్యాగరాజు లేచాడు. కిటికీ దగ్గరికి పోయి వచ్చాడు.

"అంతకుముందు వానలున్నాయా?"

"నెలంతా కలిపి అదొక్కటే సార్. జానీబీ చూడ్డానికొస్తే అడిగాను, నేల నానిందా అని. గట్టినేల కదా, పైపైన పారిపోయిందంట."

"గొర్రు నీదేనా?"

"నాదే. ఊళ్ళో చాలు తప్పని గొర్రు అదొక్కటే. ఎవరు పడితే వాళ్ళు పట్టుకెళ్తారు, వాళ్ళే తెచ్చి పాకలో పెడతారు. ఆ మంగళవారం గొర్రు నా పాకలో లేదు సార్. ఎవరు తీసుకెళ్ళారని అడిగినా చెప్పలేను, నాకే తెలియదు."

బయట మెట్ల మీద జానీబీ కూర్చుని ఉంది. నుదుటిమీద కుట్ల గుర్తు.

"సార్, ఆయన్ని ఉరితీస్తారంటున్నారు ఊళ్ళో. నిజమేనా?"

"ఎవరన్నారు?"

"అందరూ."

"అందరూ అన్నంత మాత్రాన జరగదమ్మా," అన్నాడు త్యాగరాజు. కానీ ఈ దేశంలో చాలాసార్లు అలాగే జరిగిందని అతనికి తెలుసు.

*

గురునాథం భార్య శ్యామలాంబ ముఖాన బొట్టు ఉంది. పెట్టుకోమని పుట్టింటివాళ్ళు, తుడిచేయమని అత్తింటివాళ్ళు. శవం కనపడితేగాని ఆ తగువు తీరదు. నెల నుంచీ ఆమె అద్దం ముందుకు వెళ్ళడమే మానేసింది.

"మీవారికి ఎవరితో పేచీలున్నాయి?"

"టానిక్ పిచ్చయ్యతో ఉందండి. విత్తనం నానబెట్టి, పైరుమీద కూడా కొడితే మెట్ట జొన్న రెట్టింపు పండుతుందని ఏదో టానిక్ అమ్ముతాడు. అందులో పస లేదని ఈయన ప్రయోగంలో తేలింది. గుంటూరు రైతుసభలో చెప్పేస్తానన్నారు. పిచ్చయ్య ఇంటికొచ్చి కాళ్ళు విరగ్గొడతానని పోయాడు."

"చేను ఎవరిది?"

"జానకిరామయ్య మాస్టారిది. మావారికి అక్షరాలు దిద్దించిన ఆయన. కౌలు కూడా తీసుకోలేదు. అదే ఈయన బాధ. సభలో చెప్పేముందు మాస్టారికి చెప్పుకోవాలి, లేకపోతే మర్యాదగా ఉండదు అంటుండేవారు."

"మాస్టారికీ టానిక్కుకూ ఏమిటి సంబంధం?"

శ్యామలాంబ గూట్లోంచి డబ్బా తెచ్చి చూపించింది. దాని మీద జొన్నకంకి పట్టుకుని నవ్వుతున్న పెద్దమనిషి బొమ్మ. మెట్ట జొన్న దిగుబడిలో జిల్లాకే మొదటి బహుమతి పొందిన ఆదర్శ రైతు.

*

ప్రయోగం చేలో మధ్యాహ్నపు ఎండ నిప్పులు చెరుగుతోంది. జానకిరామయ్య గొడుగు కూడా లేకుండా గట్టుమీద నిలబడ్డాడు. అరవై దాటినా మనిషి వేపమొద్దులా ఉన్నాడు. చలపతితో సహా ఊళ్ళో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. పక్కన పిచ్చయ్య తెల్లచొక్కాకు దుమ్ము అంటకుండా కండువాతో విసురుకుంటున్నాడు.

"ఇవి యూరియా చాళ్ళు," మాస్టారు చూపించాడు. "అవి టానిక్ కొట్టినవి. ఇటువైపు ఏమీ వేయనివి. పోల్చి చూసుకోవడానికి వదిలేశాడు. వీటిలో ఎవరూ అడుగుపెట్టకూడదని గురునాథం షరతు. కలుపు కూడా వాడే తీసుకునేవాడు. వాడు పోయినా నేను ఆ మాట తప్పలేదండీ."

చేపలు కుళ్ళిన కంపు కొడుతోంది. త్యాగరాజు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"టానిక్ వాసన సార్. చేపనూనె కలుపుతాం," అన్నాడు పిచ్చయ్య, అదేదో అత్తరు అన్నట్టు.

యూరియా చాళ్ళలో ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోయాయి. మొదట ఏపుగా పెరిగి, ఉన్న తడి కాస్తా తాగేసి, ఇప్పుడు మాడుతున్నాయి. టానిక్ చాళ్ళదీ అదే గతి. ఏమీ వేయనివి పొట్టిగా, చిక్కిపోయి, ఎలాగో ప్రాణం నిలుపుకున్నాయి.

ఆ బక్క పైరు నడుమ, మంచమంత మేర, జొన్న నల్లగా నిగనిగలాడుతోంది. ఆకు ముడత లేదు.

"ఇదేంటి మాస్టారూ, ఇక్కడ మాత్రం ఇంత పచ్చగా ఉంది?"

జానకిరామయ్య నోరు తెరిచేలోపే పిచ్చయ్య అందుకున్నాడు. "మా టానిక్ మహత్తు సార్. కొట్టేటప్పుడు గాలికి ఇటు చిలికి ఉంటుంది."

"అంతే అయ్యుంటుంది," అన్నాడు మాస్టారు.

వెనక్కి వస్తూ మాస్టారి పత్తి చేలోంచి నడిచారు. మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆయన రెండుసార్లు వంగాడు. పంచె మడతలోంచి గింజలు తీసి, మొక్క లేనిచోట గుచ్చి, బొటనవేలితో మట్టి నొక్కాడు.

"ఈ ఎండకు మొలుస్తాయా మాస్టారూ?"

"మొలవకపోవచ్చు. చాలులో ఖాళీ కనిపిస్తే నాకు అన్నం సయించదండీ. చిన్నప్పటి నుంచీ అంతే."

*

మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకు త్యాగరాజు అందరినీ అదే చేనిగట్టు మీదికి పిలిపించాడు. జానకిరామయ్య, పిచ్చయ్య, శ్యామలాంబ, జానీబీ. ఎస్సై చలపతి, హెడ్ కానిస్టేబుల్ రంజాన్, నలుగురు కానిస్టేబుళ్ళు గడ్డపారలు, పారలతో.

"ఈ ఎండలో ఎందుకండీ, పొద్దున పెట్టుకుంటే పోయేది కదా?" పిచ్చయ్య సణిగాడు.

"పొద్దున ఆకులన్నీ ఒకలాగే ఉంటాయి. దప్పిక ఎవరిదో ఈవేళప్పుడే తెలుస్తుంది. పిచ్చయ్యగారూ, మీ టానిక్ కొట్టిన చాళ్ళు ఎలా ఉన్నాయి?"

"కొంచెం... వాడాయి."

"కొట్టినచోట పనిచేయని మందు, చిలికినచోట పనిచేసిందా?"

పిచ్చయ్య కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"పోనీ యూరియా పడిందనుకుందాం. అదిగో, యూరియా చాళ్ళు అన్నిటికంటే ముందు మాడాయి. ఎరువు తిండి లాంటిది. నీళ్ళు లేకుండా ఎంత తిండి పెట్టినా గొంతుకు అడ్డం పడేదే. కాబట్టి ఈ మంచమంత చోట ఉన్నది ఎరువు బలం ఒక్కటే కాదు. నీళ్ళున్నాయి. ఎలా వచ్చాయి?"

త్యాగరాజు గడ్డపార అందుకున్నాడు. పొట్టి పైరు పక్కన బలంగా దించాడు. జానెడు దిగి ఆగింది. మళ్ళీ ఇంకోచోట. అక్కడా అంతే. అప్పుడు పచ్చగా ఉన్నచోట దించాడు. గడ్డపార సగానికి పైగా మెత్తగా దిగిపోయింది. బయటికి తీస్తే కొసకు తడిమట్టి అంటుకుని ఉంది. దాంతోపాటు ఒక వాసన వచ్చింది. అది చేపనూనె వాసన కాదు.

శ్యామలాంబ గట్టుమీద కూలబడింది. జానీబీ వెళ్ళి ఆమె భుజం పట్టుకుంది.

"ఇక్కడ ఎవరో నడుంలోతు తవ్వి పూడ్చారు," అన్నాడు త్యాగరాజు. "గురువారం పడిన వాన ఊరంతా పైపైన పారిపోయింది. ఈ గుల్లనేలలో మాత్రం ఇంకింది."

చలపతి ముందుకొచ్చాడు. "ఇంకేం సార్. చంపి ఇక్కడ పాతింది బుడానే. చేను దున్నినవాడికి కాక ఇంకెవరికి తెలుస్తుంది?"

త్యాగరాజు వంగి రెండు మొక్కలు పీకాడు. ఒకటి పొట్టిది, ఒకటి పచ్చనిది. రెండూ చలపతి చేతిలో పెట్టాడు.

"వేళ్ళు చూడవయ్యా. గొర్రుతో విత్తిన మొక్క వేరు సూటిగా దిగింది. ఈ పచ్చదాని మొదలు కొక్కెంలా వంగింది. ఇది విత్తింది కాదు. ఎక్కడో పీకి తెచ్చి, వేలితో గుచ్చి నాటింది. ఆ బెట్టలో పొడిమట్టిలో నాటితే పూట తిరక్కుండా మాడిపోయేది. బతికిందంటే తడిలో నాటారు. అంటే గురువారం వాన తర్వాత."

"శుక్రవారం నాటి ఉంటాడు సార్. శనివారం దాకా బయటే ఉన్నాడు కదా."

"ఉన్నాడా?"

త్యాగరాజు హెడ్ కానిస్టేబుల్ వైపు తిరిగాడు.

"రంజాన్, గురువారం వాన పడేటప్పుడు బుడాన్ ఎక్కడున్నాడు?"

రంజాన్ ఎస్సై వైపు చూశాడు. ఎస్సై కళ్ళెర్రజేశాడు. రంజాన్ చూపు అక్కణ్ణుంచి జానీబీ నుదుటిమీదికి పోయి అక్కడే ఆగింది.

"లాకప్‌లో సార్. బుధవారం నుంచీ అక్కడే. ఒక్క గంట కూడా వదల్లేదు."

"నీకెలా తెలుసు?"

"బల్లకోడు కింద అతని చెయ్యి కదలకుండా పట్టుకున్నది నేనే సార్."

జానీబీ గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

"కోర్టులో చెబుతావా?"

"చెబుతాను. ఉద్యోగం పోతే పోతుంది. ఆ రోజు నుంచీ ఎక్కడ రేకులు మోగినా నాకు నిద్ర పట్టడంలేదు."

"చలపతీ, బెల్టు తీసి జీపులో పెట్టి కూర్చో," అన్నాడు త్యాగరాజు. గొంతు పెంచలేదు. చలపతి బెల్టు తీశాడు.

పిచ్చయ్య గబగబా ముందుకొచ్చాడు. "నేను ఆ వారమంతా మద్రాసులో ఉన్నానండి, కావాలంటే..."

"కనుక్కున్నాను. అయినా మీరు మొక్క నాటగలిగే మనిషి కాదు."

త్యాగరాజు జానకిరామయ్య ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఖాళీగా వదిలేసి ఉంటే సరిపోయేది మాస్టారూ. ఏమీ వేయని చాళ్ళలో ఖాళీలు పూడ్చకూడదు. అలా పూడిస్తే లెక్క తప్పుతుందని గురునాథం వదిలేశాడు. ఈ చాళ్ళ పొడవునా చూడండి, ఎన్ని ఖాళీలో. ఇదీ వాటిలో ఒకటనుకుని పోయేవాళ్ళం. ఈ ఒక్కచోటే పూడ్చారు. అదీ గొర్రు చాలు వెంట్రుకవాసి తప్పకుండా. అలవాటుపడ్డ మీ చెయ్యి ఊరుకోలేకపోయింది."

జానకిరామయ్య తల వంచలేదు. "ఊహలు బాగున్నాయి నాయనా," అన్నాడు.

"తవ్వండి," అన్నాడు త్యాగరాజు.

నలుగురూ పారలతో దిగారు. ఒకడి బూటు కింద మూడు మొక్కలు నలిగిపోయాయి.

"ఒరేయ్, చాలు తొక్కమాకండిరా," మాస్టారు కేక పెట్టాడు. పెట్టిన మరుక్షణం తన నోరు తనే మూసుకున్నాడు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు.

నడుంలోతులో మొదట చేతివేళ్ళు కనిపించాయి. చేతులు రెండూ తలకు పైగా చాచి ఉన్నాయి. గోళ్ళు ఊడిపోయాయి. గుప్పెళ్ళ నిండా మన్ను. ఒక పక్క పుర్రె లోపలికి కుంగి ఉంది. తెరిచిన నోట్లో, గొంతులోపలి దాకా, మట్టి. జొన్నవేళ్ళు చొక్కాను గుచ్చుకుని లోపలికి దిగాయి.

శ్యామలాంబ ఏడవలేదు. దగ్గరికి వచ్చి చూసింది. కొంగుతో బొట్టు తుడుచుకుని, మళ్ళీ గట్టుమీదికి పోయి కూర్చుంది.

"మాస్టారూ, పూడ్చేటప్పటికి ఇతను బతికే ఉన్నాడు," అన్నాడు త్యాగరాజు.

జానకిరామయ్య గోతిలోకి చూశాడు.

"బండిలో గొర్రు వేసుకుని బుడాన్ పాకకు ఇచ్చేయడానికి పోతున్నాను. వీడు ఎదురొచ్చి, మోపెడ్ ఆపి, నమస్కారం పెట్టాడు. సభలో చెప్పేస్తున్నాను, ముందు మీకు చెప్పాలని వచ్చాను అన్నాడు. బహుమతి వచ్చిన నా జొన్న మెట్టలో పండింది కాదని, బావికింద తడిపెట్టి పండించానని కూడా కనిపెట్టాడు. అదీ చెబుతావా అన్నాను. మీరే కదా మాస్టారూ, తప్పు లెక్క దిద్దకుండా వదలకూడదని నేర్పింది, అన్నాడు. కర్రు చేతికొచ్చింది. రెండు దెబ్బలు. మళ్ళీ ఒకటి. బండిలో వేసి, చీకటిపడ్డాక గొర్రు బుడాన్ పాకలో పెట్టేసి, వీణ్ణి ఇక్కడికి తెచ్చాను. ఇక్కడైతే ఎవరూ కాలుపెట్టరు. మట్టి వేస్తుంటే మూలిగాడు."

"ఆపలేదా?"

"'మాస్టారూ' అన్నాడు. అప్పటికే నడుందాకా పూడ్చాను."

త్యాగరాజు చెయ్యి లేచింది. లేచిన చేతిని రెండోచేత్తో పట్టుకుని దించుకున్నాడు. బల్లకోడు కింద నలిగిన వేళ్ళు గుర్తొచ్చి ఉంటాయి.

"బేడీలు వెయ్యి రంజాన్," అన్నాడు.

బేడీలతోనే జీపు వైపు నడుస్తూ జానకిరామయ్య ఒకచోట ఆగి వంగాడు. పారదెబ్బకు పక్కకు ఒరిగిన జొన్నమొక్కను నిలబెట్టబోయాడు. రంజాన్ గొలుసు గుంజాడు.

*

ఆ సాయంత్రం త్యాగరాజు స్వయంగా జానీబీని జీపులో ఆసుపత్రికి తీసుకొచ్చాడు. జరిగిందంతా బుడాన్‌కు చెప్పాడు. కోర్టు తంతు అయ్యాక పంపించేస్తారని, తను దగ్గరుండి చూస్తానని అన్నాడు.

బుడాన్ అంతా విన్నాడు. సంతోషపడ్డట్టు కనిపించలేదు.

"గురునాథం బాబు మంచోడు సార్. ఎద్దు చచ్చిన బాధలో అనరాని మాట అన్నాను," అన్నాడు. కట్టుకట్టిన చెయ్యి పైకెత్తాడు. "ఈ వానల పునాస పైరు ఎటూ పోయింది. శీతాకాలం పైరుకైనా గొర్రు పట్టగలనా?"

ధైర్యం చెప్పడానికి త్యాగరాజు దగ్గర చాలా మాటలున్నాయి.

"పట్టలేవు బుడాన్," అన్నాడు.

గొర్రు పట్టేది మగాడు. వెనకాల నడుస్తూ గొర్రుగిన్నెలో గింజలు వదిలేది ఆడది. ఆ మెట్టల్లో విత్తనం నేలలో పడటం మొదలైన నాటి నుంచీ అదే పద్ధతి. పాతికేళ్ళుగా బుడాన్ ముందు, జానీబీ వెనక.

జానీబీ మంచం అంచున కూర్చుని మొగుడి ఎడమచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. అయిదు వేళ్ళూ ఒక్కొక్కటే తడిమి చూసింది.

"గింజలు వదలడానికి ఈ చెయ్యి చాల్దా," అంది. "గొర్రు నేను పడతాలే."